ఏది ముందొస్తే అది

పుస్తకంలో పదివేల కిలోమీటర్లని ఉంది.
ఆటోనగర్ గౌరీశు ఆ పేజీ మీద
గ్రీజు వేలిముద్ర వేసి నవ్వాడు.
"అయిదుకే మార్సీ బావూ.
ఇది రాసినోడు గాజువాక సిగ్నల్లో
ఎప్పుడైనా నిలబడ్డాడేటి?"

బోల్టు విప్పాడు.
మాడిన బెల్లప్పాకంలా
తొందర లేకుండా దిగింది నూనె.
ఎన్ఏడీ దగ్గర ఏసీ ఆపొద్దన్న మధ్యాహ్నాలు,
సింహాచలం ఘాట్లో రెండో గేరు మూలుగు,
కేజీహెచ్ గేటు ముందు
కిరాయికెక్కి లోపలికెళ్లినామె ఎంతకీ రాక
ఇంజను ఆపబుద్ధి కాని ఆ రాత్రి.
బండి అంగుళం కదల్లేదు.
మీటరు రాసుకోలేదు.

"అది రాసుకోదు," అన్నాడు
చుక్కని వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తూ,
"ఇది రాసుకుంటాది."

కొత్తది పోశాడు, తేనెరంగు.
పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి
రెండు గీతల నడుమ తడి చూపించాడు
జొరం చూసిన కాంపౌండరులా.

అద్దానికి చీటీ అంటించి రాశాడు:
ఎనభై ఏడు వేల నాలుగొందలు,
లేకపోతే చందనయాత్ర.
ఏది ముందొస్తే అది.

బీచ్ రోడ్డు ఎక్కేసరికే
ఉప్పుగాలికి
చీటీ ఒక మూల లేస్తోంది.