పదిహేడు సెకన్లు

పోయినేడు గీత దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు,
మాకు వీపు పెట్టి.
సరిగ్గా పన్నెండో గంట నిండగానే
తుపాకీ పైకెత్తి కాల్చాడు.
అడ్డంగా తాడు లాగేశారు.
తొంభై కిలోమీటర్లు వచ్చినదాన్ని
పదిహేడు సెకన్లు రాలేకపోయాను.

ఆస్పత్రి లాండ్రీలో నోక్వాజీ అంది,
"పరుగెత్తి పాలు తాగే కంటే
నిలబడి నీళ్ళు తాగరాదా, హ్లెంగివే?"
పాలెక్కడివి తల్లీ, అక్కడా ఇచ్చేది నీళ్ళే.
అరచేయంత ప్లాస్టిక్ సంచీ,
పళ్ళతో కొరికి
సగం నోట్లోకి, సగం నెత్తి మీదికి.

నాలుగింటికి లేస్తాను.
పీటర్‌మారిట్స్‌బర్గ్ ఇంకా మంచు ముసుగు తీయదు.
బట్ట ఒరుసుకునే చోటల్లా వాసెలీన్ రాసుకుని
తలకి లైటు కట్టుకుని బయల్దేరతాను.
మొదటి మినీబస్సువాడు హారన్ కొడతాడు, ఎక్కుతావా అని.
చెయ్యి ఊపుతాను, ఎక్కనని.
రెండు నెలలకి వాడి హారన్ మారింది.
రెండు పొట్టి కూతలు. పలకరింపు.

కొండ ఎక్కడం నాకు తెలీదు.
దుప్పటి మడవడం తెలుసు,
ఇరవై రెండేళ్ళుగా అదే పని.
అందుకని కొండని సగానికి మడుస్తాను,
ఆ సగాన్ని మళ్ళీ సగానికి,
అది చేతిరుమాలంత అయ్యాక
దాని మీద అడుగేస్తాను.
వెనక్కి చూస్తే మొత్తం విప్పుకుని ఉంటుంది, అది వేరే సంగతి.

బూట్లు వాయిదాల మీద కొన్నాను.
మూడో వాయిదా కట్టేలోపు ఎడమ మడమ అరిగింది.
కుడి బొటనవేలి గోరు ఏప్రిల్‌లో నల్లబడి
మేలో ఊడింది.
అగ్గిపెట్టెలో దాచాను. ఎందుకో అడక్కండి.

ఈ ఏడు బస్సెక్కాను.
బస్సంటే చక్రాలుండవు.
కర్రకి జెండా కట్టి ముందు భెకితెంబా,
వెనక గుంపుగా మేం వంద మందిమి.
మిగతా రోజుల్లో బళ్ళో లెక్కలు చెబుతాడట.
"నడక, ఆ స్తంభం దాకా.
పరుగు, ఆ తెల్ల కారు దాకా."
ఒకసారి ఆ తెల్ల కారు కదిలి వెళ్ళిపోయింది.
అరవయ్యో కిలోమీటరులో
వంద మందిమి పక్కటెముకలు పట్టుకుని నవ్వాం.

డెబ్బై దాటాక ఒంట్లో ఎవరి కాపురం వాళ్ళదే.
పిక్కలదొక మాట, నడుముదొక మాట,
కడుపు అసలు మాట్లాడదు.
చెరకు తోటల పక్క ఒక పిల్ల
నారింజ తొన పెట్టింది చేతిలో.
నమలడం మర్చిపోయి
ఎంతోదూరం బుగ్గలోనే మోశాను.
డర్బన్‌లో సముద్రం ముందు వాసనేసింది,
చాలాసేపటికి గానీ కనబడలేదు.

మైదానంలో పాదాల కింద గడ్డి.
గడియారంలో ఇంకా రెండు నిమిషాల నలభై.
మెడలో పతకం వేశారు,
కోటు బొత్తం కంటే కాస్త పెద్దది.
ఇక పోయి పడుకోవచ్చు. కాళ్ళూ అదే అన్నాయి.

అప్పుడా మనిషి వచ్చాడు, తుపాకీతో.
వాళ్ళకి వీపు పెట్టి నిలబడ్డాడు.
ఆయన్ని తప్పు పట్టను,
ముఖాలు చూస్తే వేలు కదలదు.
నేను కంచె పట్టుకుని అటే తిరిగి నిలబడ్డాను.

పేలింది.

తాడు అవతల ఆగిపోయాడొకాయన,
తెల్లగడ్డం, ఊడిన బూటు లేసు.
చేతులేం చేయాలో తెలీక
నడుం మీద పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.
ఆ చేతులు నాకు తెలుసు.
ఓదార్చే మాటలే రావు.

"ఎన్ని?" అన్నాను.
"నాలుగు."
"నాకు పదిహేడు, పోయినేడు."
నవ్వలేదు. నా పతకం వంక చూడనూ లేదు.

జేబులో ఒక ఉడకబెట్టిన బంగాళాదుంప మిగిలింది,
ఉప్పద్దినది, నా చెమటకి మెత్తబడ్డది.
తాడు మీదుగా అందించాను.
సగం కొరికి
సగం తిరిగిచ్చాడు.