ఆటుపోట్ల పట్టిక

ఆపరేషన్ తేదీ చెబితే
ఎర్మిందా సంచిలోంచి ఆటుపోట్ల పట్టిక తీసింది.
"ఆ వారం కుదరదు. సముద్రం బాగా వెనక్కి పోయే రోజులు,
గుల్లలు ఏరాలి."

యాభై ఎనిమిదేళ్లు. గలీసియా తీరపు బురదలో
నడుం వంచి దంతెతో గీరి, తడి బకెట్లు మోసి మోసి
గర్భసంచి కిందికి జారింది.
పదకొండేళ్లు ఎవరికీ చెప్పలేదు.
చేత్తో లోపలికి నెట్టుకుని
మళ్లీ నీళ్లలోకి దిగేదట.

ముట్లుడిగాక లోపలి చర్మం పలచబడుతుంది,
కుట్టు నిలవదు, అన్నాను.
ఆరు వారాలు ఈ క్రీము రాసుకో, రాత్రిపూట, వేలి కొసంత.
ట్యూబు చూసి ఫక్కున నవ్వింది:
"మా ఆయన పోయి తొమ్మిదేళ్లు.
ఇప్పుడా నాకీ ముస్తాబు?"

ఇవాళ చీకటితోనే వచ్చింది.
అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు ముట్టలేదు.
కట్టుడు పళ్లు డబ్బాలో.
సబ్బు రాసినా ఉంగరం రాలేదు, కణుపు ఉబ్బిపోయింది,
టేపు చుట్టాను.
గోళ్ల కింద నల్లటి ఇసుక. బ్రష్షుతో రుద్దుతుంటే
"అది పోదులే" అంది.

సంతకం పెట్టబోతూ ఆగింది.
"తీసింది ఎక్కడ పడేస్తారు?"
పరీక్షకు పంపుతారు.
"ముగ్గురు కాపురమున్న ఇల్లది.
కాస్త మర్యాదగా పట్టుకోమను."

ఆ చలిగదిలో ఉన్నట్టుండి
ఇద్దరికీ ఒకేసారి ఒంట్లోంచి సెగ.
ఆమె దుప్పటి తన్నేసింది.
నేను ఫైలుతో విసిరాను, ముందు ఆమెకి,
తర్వాత నాకు.
"నీకూనా?" అంది.

స్ట్రెచర్ కదిలింది.
గోడమీద ఎనిమిదీ పది.
దాన్నే చూస్తూ అంది:
"ఈపాటికి అడుగు కనబడుతుంటుంది."