ఎర లేని కుండలు

మహ్దియాలో బస్సు దిగేసరికి
మధ్యాహ్నం మూడు.
ఎండకు పోస్టాఫీసు మూతపడింది,
దాని మెట్టు మీద పిల్లి ఒక్కటే డ్యూటీలో ఉంది.

ఊరి గవిని పేరు నల్ల వాకిలి.
ఆ చీకట్లో అరవై అడుగులు లెక్కపెట్టాను,
రెండు పక్కలా పాతగోడలు
చల్లగా ఊపిరి వదులుతుంటే.
అవతల వెలుతురు.
చేపల వాసన మీద మల్లెల వాసన:
చెవి సందున మొగ్గల చెండు దోపుకున్న ముసలాయన.

పేరు మొంజి.
కాపాడేవాడని అర్థమట.
ఎవరిని, అని నేనడగలేదు.

రేవు గట్టున మట్టికుండలు
నోళ్లు తెరుచుకుని ఎండుతున్నాయి,
మెడకు తాడు, ఒళ్లంతా గుల్లలు కరిచిన మచ్చలు.
చలికాలం దాకా వాటికి పని లేదు.
"వల లేదు, గాలం లేదు, ఎర లేదు.
ఊరికే అడుక్కి దించుతాం.
ఖాళీ ఇల్లు కనబడితే ఆక్టోపస్ ఆగలేదు.
పైకి లాగుతున్నా బయటికి రాదు.
ఇల్లు కదులుతోందంటే నమ్మదు."
నా అరకొర ఫ్రెంచికి
మిగతాది ఆయన చేతులు చెప్పాయి.

ఇల్లు కదలదని నమ్మినవాళ్లు
ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు.
కొండకొమ్మున, ప్రహరీ లేకుండా,
తెల్లటి సమాధులు వాలు దిగి అలల దాకా వచ్చి
స్నానానికి తటపటాయిస్తున్నట్టు ఆగాయి.
ఒక్కోదాని మీదా చిన్న గుంట,
పిట్టలు తాగే నీళ్లకు.
స్పెయిన్ సైనికులు పోతూ పోతూ పేల్చిన కోటగోడ
మిగిలిన ముక్క మీంచి
కుర్రాళ్లు కేకలేస్తూ సముద్రంలోకి దూకుతున్నారు.

పోయిన జనవరిలో
ఒక కుండ బరువుగా వచ్చిందట.
లోపల ఆక్టోపస్, ఎనిమిది చేతులతో
వదలకుండా పట్టుకున్న
కుడికాలి చెప్పు.
పిల్లలది. పసుపు బకిలు.
"ఈ ఊరిది కాదు," అన్నాడు,
"ఈ ఊళ్లో చెప్పుల కొట్టు మా బావమరిదిదే."
ఎక్కడిదో చెప్పలేదు.
గడ్డంతో తూర్పు చూపించాడు,
రాత్రిళ్లు పడవలు వెళ్లే వైపు.

"మరి ఆక్టోపస్?"
"వదిలేశాను. ఆ రోజు మా ఇంట్లో పప్పే."

రాతిని తొలిచి కట్టిన పాత రేవులో
మేకుకు వేలాడుతోంది చెప్పు,
ఎండకు పసుపు వెలిసి.
ఏడు నెలలుగా ఎవరూ వచ్చి అడగలేదు,
ఎవరూ తీసి పారేయనూ లేదు.
మొంజి దాన్ని తాకలేదు.
చెవిలోని మల్లెచెండు తీసి
వాసన చూసి
మళ్లీ చెవిలోనే పెట్టుకున్నాడు.

చివరి బస్సుకు పరుగున
నల్ల వాకిలి దాటుతూ మళ్లీ లెక్కపెట్టాను.
ఈసారి డెబ్భై ఒకటి.
వాకిలి పెరిగిందో,
నా అడుగే చిన్నపిల్లలదయిందో.