తాళ్లు

పుంతా అరేనాస్‌లో గాలి ముదిరిన రోజుల్లో
మునిసిపాలిటీ వాళ్లు వీధి మలుపుల్లో తాళ్లు కడతారు.
పట్టుకుని నడవాలి.
వదిలితే జలసంధి దాకా ఆగవు కాళ్లు.

ఓర్యానా బర్రియా వదిలింది,
ఒక్క క్షణం, ఎగిరిపోతున్న టోపీ కోసం.
తొమ్మిది సెకన్ల వీడియో అది.
బోర్లా పడడం, టిఫిన్ డబ్బా దొర్లడం,
వాళ్లమ్మ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పీత మాంసం రోడ్డంతా,
ఎక్కడి నుంచో ఓ కుక్క,
ఏడుస్తూ దాన్ని అదిలిస్తూ మోకాళ్ల మీద ఈ పిల్ల.
తెల్లారేసరికి ఆమె పేరు పీత.

నేనేమీ రాయలేదు.
పళ్లు తోముకుంటూ అద్దానికి చాలాసార్లు చెప్పాను ఈ మాట.
నవ్వే బొమ్మ ఒకటి నొక్కాను, అంతే.
బొటనవేలు చేసిన పని.
దానికేం బరువుంటుంది?

గాలి ఆ రాత్రే తగ్గింది.
రోడ్డు మీద ఒక్కసారే పడిన పిల్ల
మా అరచేతుల్లో ఆరు వారాలు పడుతూనే ఉంది,
బస్సులో, దుప్పటి కింద, లెక్కల క్లాసులో డెస్కు చాటున.

మొదట క్యాంటీన్‌కి రావడం మానేసింది.
తర్వాత నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం.
తర్వాత నవ్వే రాలేదు.
హాజరు పిలిస్తే
తన పేరు తనది కాదేమో అన్నట్టు
కాస్త ఆగి పలికేది.
ఆగస్టులో అదీ లేదు.
కిటికీ పక్క కుర్చీ. దాని మీద ఎవరిదో కోటు.

నిన్న నా నవ్వు వెనక్కి తీసుకున్నాను.
రెండు వందల పద్నాలుగు
రెండు వందల పదమూడయింది.
ఎవరూ చూడలేదు. చూడరు.

అందుకే ఇవాళ వాళ్లింటికి వెళ్లాను.
వాళ్లమ్మ వేళ్ల నిండా పీత డిప్పలు కోసిన గాట్లు.
ఫోన్ పిండి డబ్బాలో దాచిందట ఓర్యానా,
ఆపేసి మరీ.
అయినా మోగుతోందని అర్ధరాత్రి లేచి
మూత మీద చెవి పెడుతుందట.

"నువ్వు తన స్నేహితుడివా, బాబూ?"

దారి పొడుగునా తయారుచేసుకున్న మాట ఒకటుంది.
అది రాలేదు.
"నవ్విన వాళ్లలో ఒకణ్ణి" అన్నాను.

ఆవిడ తలుపు మూయలేదు,
పూర్తిగా తెరవనూ లేదు.
గాలికి కొట్టుకోకుండా
చేత్తో పట్టుకుని
అలాగే నిలబడింది.