పని మానకుండా

పటగోనియాలో గాలి తలుపు తట్టదు,
తోసుకుని వస్తుంది.
దూది చుట్టను మోకాలి కింద అదిమిపెట్టి
గొర్రెల కొట్టం చివర, ఉన్ని బేళ్ల మధ్య
నా దవాఖానా తెరుస్తాను.
ఒక మడతబల్ల. మరగకాచిన నీళ్ల ఫ్లాస్కు.
బయట, అంబులెన్సు అని రాసి ఉన్నా
కోడిగుడ్లు కూడా మోసే నా పికప్పు.

పదిరోజులకొకసారి వస్తాను.
పదిరోజుల ప్రశ్నలు వరసలో నిలబడి ఉంటాయి.

కట్టు విప్పి గాలి తగలనివ్వాలా, సెన్యోరా ఒర్తెన్సియా?
ఈ గాలా? ఇసుకనీ పేడపొడినీ మోసుకొచ్చే ఈ గాలా?
కప్పి ఉంచు. కాస్త తడి ఉంటేనే
కొత్త చర్మం పాకుతుంది,
ఎండిన నేల మీద నత్త నడవదు.

జిన్ను పోసి కడిగాను, మంచిదేగా?
జిన్ను సంగతి గొంతునడుగు.
గాయానికి నీళ్లూ సబ్బూ చాలు.

ఊడిన గోరు మళ్లీ వస్తుందా?
వస్తుంది అబెలార్దో, మంచు పడే నాటికి.

దురద పుడుతోంది, చెడిపోతోందా?
లేదు. లోపల పనివాళ్లు దిగారు.
కానీ ఎరుపు మణికట్టు దాటి పైకెక్కితే,
ఒళ్లు కాలితే, సలపరం అర్ధరాత్రి లేపి కూర్చోబెడితే
నా కోసం చూడకు.
ఉన్ని లారీ ఎక్కి ఊరికి పో.

ఫెలిసిందో కుడి అరచేతిలో ఏడు కుట్లు.
రోజుకు నూటయాభై గొర్రెల్ని గొరిగే చెయ్యి.
"ఎన్నాళ్లకు మానుతుంది?"
పని మానితే రెండు వారాలు, అన్నాను.
"మానకపోతే?"
నేను కత్తెర కోసం వెతుక్కున్నాను.
ఇక్కడ గొర్రెకొక రేకుబిళ్ల,
శనివారం బిళ్లలు లెక్కపెట్టి డబ్బిస్తారు.
కట్టు కట్టిన చేతి పక్క జేబు గలగలమనదు.
అతను మళ్లీ అడిగాడు, మెల్లగా,
నాకు సరిగ్గా వినబడలేదేమోనని:
"పని మానకుండా గాయం మానదా?"

లోపల్నుంచి కేక: "మెదికో!"
డాక్టరని అర్థం. నన్ను కాదు.
ఇరవై రెండేళ్లయినా ఆ కేకకి సగం లేస్తాను.
గొర్రె చర్మం తెగినప్పుడల్లా గొరిగేవాళ్లు అలా అరుస్తారు,
తారు డబ్బా, కుంచె పట్టుకుని
పదమూడేళ్ల ఇలారియో పరిగెత్తుతాడు.
నల్లటి గీత ఒకటి. గొర్రె లేచి పోతుంది.
ఎన్నాళ్లకని అది ఎవర్నీ అడగదు.

వరస అయిపోయాక ఇలారియో వస్తాడు.
వాడికి గాయాలుండవు, ప్రశ్నలే.
మచ్చ మీద ఉన్ని ఎందుకు మొలవదు?
మచ్చ అంటే అతుకు నాన్నా,
వెంట్రుకకు వేరుండే చోటు అందులో ఉండదు.
అతుకు అసలంత గట్టిదా?
కాదు. ఏడాది పోయినా ఐదింట నాలుగు వంతులు, అంతే.
మరి ఆ ఒక్క వంతు ఎక్కడికి పోతుంది?

నర్సుల బడిలో ఈ ప్రశ్న రాలేదు. వచ్చుంటే తప్పేదాన్ని.

వాడు నా జవాబు కోసం ఆగలేదు.
పోయినేడాది మచ్చలు చూసి
ఏ గొర్రెను ఎవరు కోశారో చెప్పగలడట.
అబెలార్దోది పొట్ట దగ్గర, ఎప్పుడూ అడ్డంగా.
ముసలి నికానోర్‌ది తొడ మడతలో, చిన్నది, సిగ్గుపడినట్టు.
"నీవీ తెలుస్తాయి" అన్నాడు,
"నీ కుట్లు చివరికొచ్చేసరికి ఎడమకు వాలతాయి."

కొట్టంలోకి చూశాను.
మోచేతుల మీద, కనుబొమల మీద, బొటనవేళ్ల మొదట్లో
ఎడమకు వాలిన నా దస్తూరి
వంగుతోంది, లేస్తోంది, చెమటలో మెరుస్తోంది.

ఫ్లాస్కు మూత బిగిస్తుండగా
మిషన్లు మళ్లీ మొదలయ్యాయి.
ఫెలిసిందో తన చోటికి వెళ్లాడు.
కట్టు మీద ప్లాస్టిక్ సంచి,
గొరిగే మిషను ఎడమ చేతిలో.

మెదికో!
గాలి కాసేపు ఆగింది, లేదా నేనే వినడం మానేశాను.
మెదికో!
అదే చోటు నుంచి. మళ్లీ అదే చోటు నుంచి.
ఇలారియో పరుగు మీద పరుగు,
తారు డబ్బాలో అడుగు కనిపిస్తోంది.