రాయని పద్దు

పొద్దంతా ఆండర్సన్ వీధిలో రీములు లెక్కపెట్టి
బిల్లు పుస్తకం మూసి
సాయంత్రం కాలేజీకి పరిగెత్తేదాన్ని.
వేళ్ళకి అట్టల వాసన.
మూడో అంతస్తు. ఆగి ఆగి తిరిగే ఫ్యాను.

మాసిలామణి సార్ బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి
దాని నడుమ నుంచి నిలువుగా ఇంకొకటి దించేవారు.
ఎడమ పక్క పట్రు, కుడి పక్క వరవు.
మా ఇంట్లో పద్దు అంటారు.
మా తాత కొరుక్కుపేటలో పప్పుల కొట్టు నడిపినన్నాళ్ళూ
ఎర్రగుడ్డ అట్ట పుస్తకంలో వేసినవి పద్దులే.
పట్రు, పద్దు ఏ కాలంలోనో
ఒకే చూరు కింద తడిసిన మాటలని నా అనుమానం.

నువ్వే చెప్పావు సెల్వీ, చెవి దగ్గరికొచ్చి,
పట్రు అంటే డెబిట్ ఒకటే కాదు, మమకారం కూడా అని.
"మరి వరవు?"
"రావడం."
అంటే మీ భాషలో ప్రతి ఖాతా
ఒక చేత్తో పట్టుకుని
ఇంకో పక్క ఎదురుచూస్తుందన్నమాట.
సార్ సుద్దముక్క విసిరారు. నాకే తగిలింది.

ఇద్దరికీ ఒకటే క్యాలిక్యులేటర్, నీది.
కాశిమేడు హార్బరులో, వేలంపాట దగ్గర
మీ అమ్మ నాలుగేళ్ళు నొక్కిన మీటలు.
కిలో వంజరం ఎంత, ఐసు ఎంత, పడవ వాటా ఎంత.
తొమ్మిది అంకె అరిగి నున్నగా అయింది,
సందుల్లో ఇంకా ఉప్పు.
దీనికి తరుగుదల కడదాం రా, అన్నావు ఒకరోజు నవ్వుతూ.
నువ్వు స్థిర వాయిదాల పద్ధతిలో కట్టావు,
నేను తగ్గుతున్న నిల్వల పద్ధతిలో.
నీ లెక్కన ఐదేళ్ళకి సున్నా.
నా లెక్కన ఎప్పటికీ సున్నా కాదు.

అంకణా కుదరకపోతే తేడాని తొమ్మిదితో భాగించమని
మా కొట్లో గుమాస్తా పెంచలయ్య నేర్పాడు.
శేషం లేకుండా పోతే
ఎక్కడో రెండంకెలు చోటు మార్చుకున్నట్టు.
నీకు నేనిచ్చింది ఆ చిట్కా ఒక్కటే.
ఆ రోజు ఐదు వందల నలభై తేడా.
తొమ్మిదితో కొడితే అరవై.
నీ వేలు పద్దుల వెంట మెల్లగా దిగి
పద్దెనిమిదొందల ఇరవై ఉండాల్సిన చోట
పన్నెండొందల ఎనభై మీద ఆగింది.
"దొరికినాడు దొంగ!"
వెనక బెంచీ దాకా నవ్వులు.

నాలుగో సెమిస్టరు. వానలు.
మా కొట్టు సరుకు నిల్వ లెక్కకని
రెండు రోజులకి క్యాలిక్యులేటర్ అడిగి తీసుకున్నాను.
అంకణా పట్టుకోలేని తప్పులు, అది పాఠం పేరు.
ఆ రోజు నువ్వు లేవు. ఆ వారమూ లేవు.
ఒక వ్యవహారాన్ని రెండు వైపులా రాయకుండా వదిలేస్తే
అంకణా కుదురుతుంది, అన్నారు సార్.
చక్కగా కుదురుతుంది.
తప్పు జరిగిందనే తెలియదు.

హాజరు పట్టీలో యాభై ఎనిమిది మంది యాభై ఏడయ్యారు.
ఆఫీసులో ఫీజుల మొత్తం కుదిరింది.
నా సంచి నీ చోటులోకి జరిగింది.

ఒక ఆదివారం కాశిమేడు వచ్చాను.
తూత్తుకుడి వెళ్ళిందన్నారు ఒకరు.
ఎణ్ణూరులో ఐసు ఫ్యాక్టరీలో బిల్లులు రాస్తోందన్నారు ఇంకొకరు.
మూడో ఆమె వల కుడుతూ ఏమీ అనలేదు,
నా చేతిలోది చూసి మాత్రం
"అది ధనమ్మది కదా" అంది.

తిరుగు రైల్లో, వేరే ఏం చెయ్యాలో తోచక
యాభై ఎనిమిదిలోంచి యాభై ఏడు తీసి
తొమ్మిదితో భాగించాను.
తెర నిండా ఒకట్లు.
చివరి గడి దాకా ఒకటి పక్కన ఒకటి, ఒంటరిగా.

రేపు ఆఖరి పేపరు.
దీనికి కొత్త బ్యాటరీ వేశాను.
రఫ్ నోటు వెనక పేజీలో ఒక చిట్టా పద్దు రాశాను,
మార్కులు ఎవరూ వెయ్యనిది.
మొత్తం గడి ఖాళీగా వదిలేశాను.

క్యాలిక్యులేటర్ ఖాతా డెబిట్
      సెల్వరాణి ఖాతాకు
వివరణ: రెండు రోజులకని తీసుకున్న వస్తువు
తిరిగి ఇవ్వడానికి మనిషి రానందున.