ఎన్ని గంటలు?

కాశీబుగ్గ బస్టాండు వెనక
సెల్‌ఫోన్ల కొట్టుకీ టిఫిన్ల బండికీ మధ్య
ఆరడుగుల వెడల్పు నా షాపు.
గోడకి ఒకటే ఫ్రేము,
విశాఖలో పన్నెండు రోజుల కోర్సుది.
అందులో నా ఇంటిపేరు తప్పు పడింది.
సరిచెయ్యడానికి ఇంకో ఐదొందలన్నారు,
వద్దన్నాను.

పదకొండు రోజులు ప్లాస్టిక్ చెయ్యి,
ఒక్కరోజు మనిషి చెయ్యి.
ఆ మనిషి నా పక్క కుర్చీ పిల్లే.
నేను తనకి ఎరుపు వేశాను, తను నాకు.
భోజనాల వేళకి
ఇద్దరం టెక్నీషియన్లమైపోయాం.

మస్కట్‌లో అది చెల్లలేదు.
సలోన్ ఆవిడ కాగితాన్ని వెలుతురుకెత్తి చూసి
నవ్వకుండా తిరిగిచ్చింది.
మూడు నెలలు తువ్వాళ్లు ఉతికాను, గోరుపొడి ఊడ్చాను.
మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు
ఒకరి చేతులు ఒకరికిచ్చుకుని
ఎవరి దేశం ఎలా నేర్పిందో చెప్పుకునేవాళ్లం.

ఒక్సానాకి నీళ్లు పడవు.
గోరు నానబెడితే తప్పని వాళ్ల బడిలో చెప్పారట.
పొడిచేతి మీద చిన్న మిషను
కందిరీగలా తిరిగేది.
మారిసెల్ నానబెట్టందే ముట్టుకోదు.
గోరువెచ్చన అనే మాట మాకుందని చెప్తే
"నీళ్ల వేడిని గోటితో కొలుస్తారా మీరు!" అని
రెండ్రోజులు అందరికీ చెప్పుకుంది.
ఆమె పరీక్షకి
గడియారం పట్టుకుని ఒకాయన పక్కనే నిలబడ్డాడట.

థూయ్‌ని ఎవరూ పరీక్షించలేదు.
పిన్ని కొట్టులో ఎనిమిదేళ్లకి సీసామూతలు తుడిచింది,
పదేళ్లకి పాదాలు పట్టింది,
పన్నెండేళ్లకి పిన్ని కునుకు తీస్తే కొట్టు తనదే.
వాళ్లక్క అమెరికాలో ఉంది.
ఒక రాష్ట్రం రాసిచ్చిన గంటలు
గట్టు దాటితే సరిపోలేదట,
మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టారట.
"ఇరవయ్యేళ్లు పని చేసింది కదా?"
"చేసింది. కూర్చోలేదు."

మరి నీవి ఎన్ని గంటలు, అని అడిగారు నన్ను.
తొంభైయారు అన్నాను.
అందులో టీ తాగినవీ, కరెంటు పోయినవీ ఉన్నాయి.

మొన్న దాలమ్మ వచ్చింది.
మా అమ్మ పక్కన అదే బల్ల మీద
ఇరవయ్యేళ్లు జీడిపిక్కలు కొట్టిన మనిషి.
"రేపు ఓణీల పంక్షను.
పొటోల్లో సేతులు దాసుకోమంటంది మనవరాలు.
దాసడానికి ఏటుందమ్మీ, సూడు."

చూశాను.
జీడినూనె తిన్న వేళ్లు.
గోళ్ల అంచున తారుగీత.
పొరలు లేచి, మాని, మళ్లీ లేచిన తోలు.
బియ్యం డిపో మిషను మూడుసార్లు
కాదు పొమ్మన్న బొటనవేలు.
ఒక్సానా మిషను దీన్ని చీరేస్తుంది.
మారిసెల్ సబ్బునీళ్లు మంటెత్తిస్తాయి.
థూయ్ వాళ్ల పిన్ని ఏం చేసేదో,
అడగడానికి అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి.

"మీ యమ్మ కాడ నేర్సుకోనేదేటే?" అంది దాలమ్మ.

బడి లేని రోజులు.
అమ్మ ఒళ్లో చేట,
వేడారని పప్పు మీద ఎర్రతొక్క.
చాకు నాకిచ్చేది కాదు, గోరే నా చాకు.
తొక్క లేవాలి, పప్పుకి తెలియకూడదు.
గుండుగా వస్తే ఒక రేటు,
బద్దయితే సగం,
నూకయితే తిట్లు.
ఎన్ని వేల పప్పులు!
ఏ కాగితం మీద ఎవరు రాశారు ఆ గంటలు?

ఆముదం గోరువెచ్చ చేశాను.
ఆ ఎర్రతొక్కని లేపినట్టే
ఒక్కో వేలి చివర, బొటనగోటితో.
నొప్పెడుతోందా అంటే పలకలేదు.
నోరు కొంచెం తెరిచి
కుర్చీలోనే నిద్రపోయింది.

నలుపంతా పోలేదు. పోదు కూడా.
లేచాక రంగు వద్దంది.
లైటు కింద చేతులు తిప్పి తిప్పి చూసుకుని
ఫ్యాక్టరీలో పప్పు ఏరే గొంతుతో
"గుండే" అంది.

బొడ్లోంచి పావుకిలో పొట్లం తీసి బల్ల మీద పెట్టి వెళ్లింది.
అన్నీ బద్దలే.
ఫ్రేము దుమ్ము తుడుద్దామని కుర్చీ ఎక్కాను,
ఇంతలో ఎవరో తలుపు తోశారు.